పంకా తాడు చెప్పిన సాక్ష్యం

గోదావరి గట్టు తెగి మూడు లంకలు మునిగిన వరద తరవాత పన్నెండో ఏడు, వైశాఖ మాసం. కలెక్టరు హాల్‌వర్డ్ దొరను సమాధిలో దింపి నాలుగు గంటలయింది.

ఇనస్పెక్టరు కొమ్మోజు వీరాచారి కలెక్టరు బంగళా పడమటి వసారాలో గోనెపట్టా మీద కూర్చున్నాడు. అది పంకా లాగేవాడి చోటు. చేతిలో గడియారం పట్టుకుని మూడో స్తంభం నీడ వంక చూస్తున్నాడు. నీడ అతని కాలి బొటనవేలి దగ్గరకు వస్తోంది.

పక్కన నూకయ్య బేడీలతో నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా ఇక్కడే కూర్చుని, గోడ అవతల ఉన్న దొరకు తాడు లాగి గాలి విసిరినవాడు. నిన్న ఆ దొర తల వెనక రాయితో కొట్టి చంపాడని ఇవాళ ఈ బేడీలు. రేపు పొద్దున కాలవ పడవ మీద జిల్లా జడ్జీ దగ్గరకు పంపుతారు. దొరను చంపాడన్న కూలివాడికి జడ్జీ ఏం రాస్తాడో వీరాచారికి తెలుసు. ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు.

"ఇక్కడికేనా?" వీరాచారి వేలు పెట్టి చూపించాడు.

నూకయ్యకు వినపడదు. వరదలో మూడు రోజులు చెట్టు కొమ్మ పట్టుకుని వేలాడాక వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి. ఎదటివాడి పెదాలు చూసి మాట పట్టుకుంటాడు.

"ఇంకాస్తండి. గోరు మీదికి రావాలండి. ఆ... అదిగో. అప్పుడేనండి పంకా ఆపమన్నారు."

రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు. వీరాచారి గడియారం మూశాడు.

"ఎలా చెప్పారు ఆపమని?"

"ఎప్పుడూ చెప్పినట్టేనండి. పంకా అంచు పట్టుకుని రెండు గుంజుళ్ళు. ఉత్తరాలకి లక్క ముద్ర ఏసేటప్పుడు గాలాడితే దీపం ఆరిపోద్ది గదండి. ముద్రలయ్యాక ఒకటే పెద్ద లాగుడు లాగుతారు. మళ్ళీ ఇసరమని."

"మళ్ళీ లాగారా?"

"లాగారండి. నీడ బొటనేలు దాటి రెండోదాని మీదికి వచ్చిందండి అప్పటికి. ఇక ఇసురుతానే ఉన్నాను. నాలుగింటికి పోలీసులొచ్చి జుట్టు పట్టుకునేదాకా."

ఇన్నాళ్ళూ మనిషికి విసిరాడు. నిన్న గంటకు పైగా శవానికి విసిరాడు. ఆ సంగతి అతనికి ఇంకా ఎక్కినట్టు లేదు.

గోడలో తాడు దూరే కన్నం చుట్టూ ఏదో మెత్తగా కుక్కి ఉంది, ఆముదం పట్టి నల్లబడి. వీరాచారి దాన్ని వేలితో నొక్కాడు.

"కాగితాలండి," అన్నాడు నూకయ్య. "తాడు గోడకి రాసుకుని తెగిపోద్దని నేనే కుక్కుతానండి. దొరగారు రాసి పారేసినవే. చెత్తబుట్టలోవి."

వీరాచారి తలాడించి లేచాడు. లోపల గది చూడాల్సి ఉంది.

కేసు చూస్తున్న కుర్ర పోలీసు దొర లేథమ్ నిన్నటి కథ ఇలా రాసుకున్నాడు. ఒంటిగంటకు కలెక్టరు తలుపులు మూసుకుని రాతకు కూర్చున్నారు. మూడు కొట్టేటప్పటికి ముద్ర వేసిన కవర్లు గుమ్మం బయట ముక్కాలి పీట మీద ఉన్నాయి. తపాలా బంట్రోతు లోపలికి తొంగిచూడకుండా పట్టుకుపోయాడు, అది అక్కడి రివాజు. అంటే మూడుకి కలెక్టరు బతికే ఉన్నారు. నాలుగింటికి పోలీసు సూపరింటెండెంటు కార్వెల్ దొర పద్నాలుగు మైళ్ళ అవతల తన క్యాంపు నుంచి గుర్రం మీద వచ్చారు. ఆయన వచ్చినట్టు చెబుదామని బట్లరు తలుపు తట్టాడు. జవాబు లేదు. తెరిస్తే దొర బల్ల మీద బోర్లాపడి ఉన్నారు. పైన పంకా ఊగుతూనే ఉంది. మూడుకీ నాలుక్కీ మధ్య ఆ పక్కన ఉన్నది పంకావాడు ఒక్కడు. పిలిస్తే పలకలేదు. లోపలికి ఈడ్చుకొస్తే శవం మీద పడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. పంచె నిండా రక్తం. ఇంకేం కావాలి?

కబురందగానే పోలీసులు పరుగెత్తారు. కార్వెల్ దొర గుర్రం వేపచెట్టుకు కట్టి ఉంది. వీరాచారి దాటిపోతూ అలవాటుగా దాని మెడ నిమిరి లోపలికి వెళ్ళాడు. చెయ్యి తుడుచుకోవలసిన పని పడలేదు.

గదిలో రక్తం కడిగేశారు. బల్ల మీద కొవ్వొత్తి, లక్క కడ్డీ, సిరాబుడ్డి ఉన్నాయి. రాయి కూడా తిరిగి దాని చోటులో పెట్టారు. గుప్పెడంత నల్లరాయి. వరదకు తెగిన గట్టు లోంచి ఏరి తెచ్చుకుని దొర పన్నెండేళ్ళు కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడు. దానితోనే కొట్టారు.

బట్లరు ఆరోగ్యం గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మద్రాసు మనిషి. దొర వెంట పాతికేళ్ళుగా ఉన్నాడు.

"ఏం రాసేవాడయ్యా రోజూ మధ్యాహ్నం?"

"తన కథండి. ఇరవై రెండో ఏట ఓడ దిగిన దగ్గర్నుంచి. దొరసానిని ఇక్కడే పాతిపెట్టారు కదండీ, అదీ. కరువూ, వరదా, అన్నీ. నెల రోజులుగా అదే పని. తినే తిండి కూడా తగ్గిపోయింది. కోడి పులుసు పెడితే కాకికి వేసేవారు."

"ఎందుకు రాయడం?"

"గవర్నరు గారికి పంపాలని. నిన్నటి తపాలాకే. ఇంత లావు కట్ట. ఎర్ర టేపు నేనే కట్టిచ్చానండి పొద్దున. 'ఆరోగ్యం, ఇది వెళ్ళాక నేను నిద్రపోతాను' అన్నారు. వరద నుంచీ ఆయనకి నిద్ర లేదండి. ఏటా వరద వచ్చిన రోజున ఊరంతా గట్టు దొర, గట్టు దొర అని దీపాలు పెడితే ఆ రోజంతా గది లోంచి బయటికి వచ్చేవారు కాదు. దండలు తెస్తే నన్ను తిట్టేవారు."

వీరాచారి ఇంట్లోనూ ఆ దీపం పెడతారు. వరదలో సొంత పడవ వేసుకుని నలభై మందిని చెట్ల మీంచి దింపిన దొర ఆయన. భుజం విరగ్గొట్టుకున్నాడు కూడా. నూకయ్యను దింపింది ఆయనే.

"ఎర్ర టేపు కట్ట అన్నావు. తపాలా బంట్రోతు మూడు పల్చటి కవర్లు పట్టుకుపోయానంటున్నాడు. అందులో ఒకటి గవర్నరుకి."

ఆరోగ్యం బల్ల మీదా, కిందా ఎర్ర టేపు కోసం వెతికాడు.

వీరాచారి కొవ్వొత్తి పక్కన బల్లమీద పడిన లక్క చుక్క గోటితో గీరాడు. చుక్కలో నల్లటి చారలు.

"దొరగారి లక్క ఎప్పుడైనా ఇలా నల్లబడేదా?"

"అబ్బే. మంటకి పక్కగా పెట్టి కరిగించేవారండి. అద్దంలా ఎర్రగా ఉండేది. ఈ మధ్య చెయ్యి వణికినా అది మాత్రం పాడు చెయ్యలేదు."

"ముద్ర ఉంగరం ఏ వేలికి?"

"ఎడమ చేతి ఉంగరం వేలికండి. ఇరవై ఏళ్ళుగా ఊడింది లేదు. వేలు లావెక్కిపోయింది. దానితోనే పాతిపెట్టాం."

బయట బూట్ల చప్పుడయింది. అసిస్టెంటు సూపరింటెండెంటు లేథమ్ దొర లోపలికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. జిల్లాకు వచ్చి అయిదు వారాలు. తెలుగు మునిషీ దగ్గర నేర్చి పరీక్ష ప్యాసయ్యాడు. తిట్లు మాత్రం గుర్రపువాడి దగ్గర నేర్చాడు, అవి బాగా వచ్చు.

"ఆచారీ! ఖైదీని ఠాణా నుండి తెచ్చుటకు నీకు సెలవు ఎవరు ఇచ్చిరి?"

"ఎవరూ ఇవ్వలేదు దొరగారూ. నీడ చూసుకోవాలి. అది ఠాణాకి రానంది."

"పరిహాసమా? వాడు దోషి. నేను ముమ్మారు పిలిచితిని. వాడు పలుకలేదు. నిర్దోషి అయినచో పలుకును."

"చెవిటివాడు ఎలా పలుకుతాడండీ?"

లేథమ్ ఆరోగ్యం వంక చూశాడు. ఆరోగ్యం తల దించుకున్నాడు.

"చెవిటివాడా?"

"అందుకేనండి పెట్టుకున్నది. గదిలో మాట వసారాలోకి పోకూడదని దొరలు చెవిటివాణ్ణే పంకాకి వెతుక్కుంటారు. తమరు ఇంకో రెండు వేసవులుంటే తమరూ వెతుక్కుంటారు."

కుర్రదొర చెంపలు కందాయి. "అయినను మూడు గంటలకు కలెక్టరు సజీవుడు. ముద్రలు వేసెను."

"ముద్ర పడింది దొరగారూ. వేసింది ఆయన కాదు."

వీరాచారి తన ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి చూపించాడు. వేళ్ళ నిండా చిన్న చిన్న పాత మచ్చలు.

"మాది కంసాలి ఇల్లు. లక్కతో కాలని కంసాలి లేడు. బతికున్న వేలి మీద లక్క పడితే పొక్కు లేస్తుంది, నీరు పడుతుంది. శవం వేలి మీద పడితే తోలు ఎండుతుంది. అంతే. పొద్దున పెట్టె మూసేముందు దొరగారి చెయ్యి చూశాను. ఉంగరం పక్క కణుపు మీద శనగబద్దంత మచ్చ. పొక్కు లేదు. ఉంగరం ఊడక, చచ్చిన మనిషి చెయ్యి ఎత్తి పట్టుకుని ముద్ర గుద్దారు. కంగారులో లక్క మంట మీద పెట్టి మసి పట్టించారు."

ఆరోగ్యం శిలువ వేసుకున్నాడు.

"చంపింది రెండున్నర లోపు," అన్నాడు వీరాచారి. "లావు కట్ట తీసి, దాని బదులు ఉత్త కవరు పెట్టి గుమ్మం బయట పెట్టారు. మూడుకి దొర బతికే ఉన్నాడనిపించాలి, గవర్నరుకి ఉత్తరం పోయిందనిపించాలి. ఆ మనిషి మూడు తరవాత ఎక్కడో దూరాన ఉన్నాననిపించుకోవాలి. దూరాన ఉన్నవాళ్ళ గురించి ఎవరూ అడగరు కదా."

"ఆ పంకావాడే లోనికి వచ్చి చేసి ఉండవచ్చును."

"కావచ్చు. కవరు మీద గవర్నరు గారి పేరు ఇంగ్లీషులో రాయగల పంకావాణ్ణి నేనింకా చూడలేదు. తమరు చూశారా?"

లేథమ్ వంగి బల్ల మీది నల్ల లక్కను తనూ గోటితో గీరాడు. చెడ్డవాడు కాడు. తప్పు ఒప్పుకోవడం ఇంకా అలవాటు కాలేదు, అంతే.

"ఇది అంతయు సూపరింటెండెంటు గారికి చెప్పవలెను," అన్నాడు చివరికి. "కలెక్టరుగారి ప్రాణమిత్రుడు. ఇప్పుడే పోయి చెప్పెదను. నీ పేరు కూడ చెప్పెదను, ఆచారీ. నేను న్యాయము తప్పువాడను కాను."

గుర్రం వెళ్ళిపోయిన చప్పుడు వినపడింది.

వీరాచారి గీరిన లక్క చుక్కను కాగితంలో చుట్టుకుంటూ ఊరికే అడిగినట్టు అడిగాడు.

"రెండు గుంజుళ్ళ సంగతి ఎంతమందికి తెలుసు ఆరోగ్యం? గది లోకి కొత్తవాడు వచ్చుంటే పంకా ఆపమని అరిచేవాడు. చెవిటివాడు ఆపేవాడు కాదు. దీపం నిలిచేది కాదు."

"దొరగారికి. నాకు. నేను నిన్న రెండు నుంచి నాలుగు దాకా వంటింట్లో బాతుకి ఈకలు పీకుతున్నానండి, వంటవాణ్ణి అడగండి."

"అడిగాను. ఇంకా?"

"కచేరీలో సిరస్తాదారు గారికి. ఆయన మూడు రోజులుగా జమాబందీ శిస్తు లెక్కలకి పైతాలూకాలో ఉన్నారు."

"ఇంకా?"

"ఇంకెవరికండీ? కార్వెల్ దొరగారికి. అసలు ఆ పద్ధతి పెట్టింది ఆయనే. రాత్రి భోజనాలప్పుడు నవ్వులాటగా మొదలెట్టారు..."

ఆరోగ్యం మాట మధ్యలో ఆపేశాడు.

గుర్రం మెడ. పద్నాలుగు మైళ్ళు, వైశాఖపు ఎండలో. పొడిగా ఉంది.

వీరాచారి వసారాలోకి దాదాపు పరుగెత్తాడు. లేథమ్ గుర్రం అప్పటికి మలుపు తిరిగిపోయింది. పిలిచినా వినపడదు.

వెనక్కి వచ్చి నూకయ్యకు ఎదురుగా నిలబడి, వీరాచారి పెదాలు స్పష్టంగా కదిపి అడిగాడు.

"నిన్న గుంజింది దొరగారేనా?"

ముసలివాడు బేడీల చేతులతోనే తాడు అందుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"అదేనండి నాకూ అనుమానం. అడిగినోళ్ళు లేరు. దొరగారి భుజం ఇరిగింది గదండి, ఆయన గుంజితే తాడు పిల్లి తోకలా మెల్లగా కదులుద్ది. నిన్నటిది గట్టి చెయ్యి. రెండు గుంజుళ్ళు గుంజి, ఆపైన ఏలితో ఇలా మీటారు." తాడును వీణ తీగలా మీటాడు. "అది పెద్ద పోలీసు దొరగారి సరదా అండి. బోయనాలప్పుడు అలా మీటి నన్ను ఉలికిపడేలా చేసి నవ్వుతారు. నాకు చెవుల్లేవు గానీ, ఈ తాడుకి ముప్పై మందిని ఆనవాలు పడతానండి."

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదయ్యా?"

"దొరలిద్దరూ లోపలున్నారనుకున్నానండి. స్నేహితులు గదండి. స్నేహితుడొచ్చాడని ఎవరితో చెప్పుకుంటామండి?"

నిజమే. గదికి వెనక ఉన్న స్నానాల గది తలుపు లోంచి వచ్చిన మనిషిని నిద్రపోతున్న బంగళాలో ఎవరూ చూడలేదు. ఒక్క తాడు చూసింది. చంపిన చేతికి పాత సరదా పోలేదు.

కానీ చెవిటి కూలివాడు తాడు పట్టుకుని చెప్పిన మాట ఏ జడ్జీ వింటాడు?

వీరాచారి వంగి గోడకన్నం లోంచి కాగితాల ముద్ద లాగాడు. ఆముదంతో ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఓపిగ్గా విడదీశాడు. ఇంగ్లీషు అతనికి కూడబలుక్కుంటే గానీ రాదు. పేర్లు ముందు దొరికాయి. పొన్నలంక. గువ్వలలంక. చింతలలంక. తరవాత కార్వెల్. వేలు పెట్టి ఒక్కొక్క మాటా అరగంట చదివాడు.

*గట్టు తెగలేదు. తెంపాము. ఇటు ఒడ్డున ఖజానా, చక్కెర మిల్లు నిలవాలని అటు గట్టు కోయించాము. ఉత్తరువు మీద సంతకం నాది. మనుషుల్ని పెట్టి కోయించింది కార్వెల్. లంకల్లో దండోరా వేయించడానికి గంట వ్యవధి ఉంది. వేస్తే జనం గట్టు మీదికి వచ్చి కొయ్యనివ్వరని కార్వెల్ అన్నాడు. నేను సరే అన్నాను. తెల్లారి పడవ వేసుకుని వెళ్ళి మూడు రోజులు తిరిగాను. నలభై మందిని దింపాను. ఆ నలభై మందిని దింపినందుకే ఊరంతా నాకు దణ్ణం పెట్టింది.*

కింద ఆయన సంతకం కొట్టేసి ఉంది. అక్షరాలు వంకరపోయాయని ఆ కాగితం పారేసి మళ్ళీ రాసుకున్నాడు కాబోలు.

గువ్వలలంకలో వీరాచారి అక్క ఉండేది. ఇద్దరు ఆడపిల్లలు. శవాలు దొరకలేదు, తద్దినం పెట్టే తిథి కూడా గోదావరే చెప్పింది.

నూకయ్య అతని మొహమే చూస్తున్నాడు. పొన్నలంకలో అతనివాళ్ళు ఐదుగురు పోయారు.

"ఏటి రాసుందండి అందులో? దొరగారు మా గురించేమన్నా రాశారా?"

వీరాచారి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అంతా చెప్పాడు, ఒక్క మాట వదలకుండా. గోడకు చెప్పాడు. తరవాత ఇటు తిరిగి, "నువ్వు మంచివాడివని రాశాడు," అన్నాడు.

ముసలివాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మారాజు," అన్నాడు.

దీపాల వేళకు ఠాణాకు కార్వెల్ దొర ఉత్తరువు వచ్చింది. పట్టుకొచ్చింది ఆయన సొంత బంట్రోతు, హవల్దారు గవర్రాజు. ఖైదీని పడవ మీద పంపనక్కర్లేదు. లంకదారిన నడిపించుకుని ఇద్దరు తుపాకీవాళ్ళు తీసుకుపోతారు. ఇనస్పెక్టరు వీరాచారి ఠాణా వదలకూడదు. పొద్దున పది గంటలకు తన దగ్గర ఉన్న సాక్ష్యాలన్నీ పట్టుకుని దొరను కలవాలి.

"లంకదారి ఏంటి గవర్రాజూ? పడవైతే పూటలో పోతారు."

"నాకేం తెలుసండీ ఆచారిగారూ." హవల్దారు మీసం దువ్వుకున్నాడు. "ఆ రెల్లుదుబ్బుల్లో ఖైదీలు పారిపోవాలని చూస్తుంటారు. మొన్న తుని మనిషి అలాగే చూశాడు పాపం. కాల్చాల్సొచ్చింది."

"ఇతనికి పిలిస్తే వినపడదు."

"అదే గదండీ ఇబ్బంది. ఆగమన్నా ఆగడు."

మర్నాడు తెల్లారుతూనే వీరాచారి ఒంటి మీద పూర్తి దుస్తులు వేసుకుని, పటకా కట్టుకుని ఠాణాకు వచ్చాడు. లాకప్పు తెరిచి నూకయ్య ముందు కూర్చున్నాడు. బేడీ ఒరుసుకుని ముసలివాడి కుడి మణికట్టు పుండు పడింది. బేడీ విప్పి, గోడకన్నం లోంచి తీసిన ఆ ఆముదపు కాగితం నాలుగు మడతలు పెట్టి పుండు చుట్టూ వేశాడు. దాని మీద పాతగుడ్డ కట్టాడు. దాని మీద మళ్ళీ బేడీ బిగించాడు.

"రాసుకోకుండా," అన్నాడు.

"నా తాడుకి నేను పెట్టినట్టేనండి," అన్నాడు నూకయ్య. నవ్వాడు.

రెండో చేతి బేడీ విప్పి, దాన్ని తన ఎడమ చేతికి వేసుకున్నాడు. తాళం తిప్పాడు. ఇద్దరూ అలాగే బయటికి నడిచారు. కాలవగట్టు మీద గవర్రాజూ ఇంకొకడూ తుపాకులతో నిలబడి ఉన్నారు. పడవ కూడా ఉంది. సరంగు తాడు విప్పుతున్నాడు.

"ఇదేంటండీ ఆచారిగారూ? తమరు ఠాణా వదలకూడదన్నారు దొరగారు! పైగా ఇలా కట్టుకుంటే..." గవర్రాజు తుపాకీ భుజం మార్చుకున్నాడు. "దారిలో ఏమన్నా జరిగితే తమరికి కూడా తగులుద్దండీ."

"తగుల్తుంది. ఇనస్పెక్టరు ఎందుకు చచ్చాడో దొరగారు కాగితం మీద రాయాలి. మొన్నట్లా పల్చటి కవరుతో సరిపోదు."

"తాళం ఇలా ఇవ్వండి."

వీరాచారి తాళం చెవి కుడిచేతిలోకి తీసుకుని కాలవలోకి విసిరేశాడు. నీళ్ళు చిన్నగా మోగాయి. జడ్జీ ఉండే ఊళ్ళో కంసాళ్ళున్నారు, కోసి పెడతారు.

వీరాచారి నూకయ్య భుజం తట్టి, పెదాలు కదిపి, "పడవెక్కు," అన్నాడు. ముందు తనే అడుగు వేశాడు.